‘కాసేపు పడుకోనివ్వండి’ అనే ముందు: మెదడులో రక్తస్రావాన్ని గుర్తించడం ఎలా?

ఇంట్లో ఎవరికైనా హఠాత్తుగా తలనొప్పి వచ్చి వాంతి అయితే మన నోట మొదట వచ్చే మాట ఒకటి ఉంది: “కాసేపు పడుకోనివ్వండి, అదే తగ్గిపోతుంది.” ఈ మాటలో ప్రేమ ఉంది. కంగారు పడవద్దనే పెద్దరికం ఉంది. చాలా సందర్భాలలో అది నిజం కూడా అవుతుంది. మామూలు తలనొప్పి నిద్రతో తగ్గుతుంది.

అయితే మెదడులో రక్తనాళం చిట్లినపుడు కూడా మనం ఇదే మాట అంటాము. రోగి పడుకుంటాడు. ఇంటివారు దీపం ఆర్పి, తలుపు దగ్గరగా వేసి, అల్లరి చేయవద్దని పిల్లలను మందలిస్తారు. పుర్రె లోపల రక్తం పేరుకుంటూనే ఉంటుంది. నిద్ర పట్టిందని వారు సంతోషిస్తారు. కాని అది నిద్ర కాదు, స్పృహ తప్పడం. ఫజ్ర్ వేళ లేపబోయినపుడు గాని ఆ సంగతి తెలియదు. అప్పటికి చికిత్సకు పనికివచ్చే గంటలన్నీ గడిచిపోయి ఉంటాయి.

వైద్యం చేయడం వైద్యుల పని. కాని ప్రమాదాన్ని గుర్తించి రోగిని సకాలంలో వారి వద్దకు చేర్చడం ఇంటివారి పని. ఆ పని ఎలా చేయాలో ప్రతి కుటుంబమూ ముందుగా తెలుసుకుని ఉండటం అవసరం.

ఫాలిజ్, సక్తా

మన ఇళ్ళలో పక్షవాతాన్ని ‘ఫాలిజ్’ అంటాము. ఇది అరబీ పదం. దీని ధాతువుకు ‘రెండుగా చీల్చడం’ అని అర్థం. దేహం నిలువునా రెండు భాగాలైనట్లు ఒక పక్క పడిపోతుంది గనుక ఆ పేరు వచ్చింది. పాత వైద్య గ్రంథాలలో కనిపించే మరో పదం ‘సక్తా’. దాని ధాతువుకు ‘మౌనం’ అని అర్థం. మాట, కదలిక, స్పృహ ఒక్కసారిగా ఆగిపోవడాన్ని అలా పిలిచారు. వెయ్యేళ్ళ క్రితం ఇబ్నె సీనా తన ‘అల్ ఖానూన్’లో ఈ వ్యాధులను చర్చించారు. ఇంచుమించు అదే కాలంలో అందలూసియాకు చెందిన అబుల్ ఖాసిమ్ జహ్రావీ పుర్రె ఎముక విరిగినపుడు చేయవలసిన శస్త్రచికిత్స గురించి రాశారు.

ఆ మహనీయులకు లేని ఒక సౌకర్యం మనకు ఉంది. పుర్రెను తెరవకుండానే లోపలి రక్తాన్ని చూపించే సీటీ స్కాన్ పరీక్షను 1971 అక్టోబరులో లండన్ నగరంలో మొదటిసారి ఒక రోగికి చేశారు. నేడు అది కొద్ది నిమిషాలలో ముగిసే పరీక్ష. దాని ప్రాముఖ్యాన్ని మనం సరిగా అర్థం చేసుకోవాలి.

ఫాలిజ్ రెండు విధాలుగా వస్తుంది. మెదడుకు వెళ్ళే రక్తనాళంలో గడ్డ అడ్డుపడి రక్తం అందకపోవడం ఒకటి. రక్తనాళం చిట్లి రక్తం బయటకు రావడం రెండవది. మొదటి రకమే ఎక్కువమందిలో కనిపిస్తుంది. కాని రెండవ రకం మరింత ప్రాణాంతకం. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. మూతి వంకరపోవడం, చేయి పడిపోవడం, మాట తడబడటం రెండింటిలోనూ ఉంటాయి. చికిత్సలు మాత్రం పరస్పర విరుద్ధం. మొదటిదానిలో గడ్డను కరిగించాలి, రెండవదానిలో రక్తాన్ని ఆపాలి. ఒకదాని మందు మరొకదానిలో ప్రాణం తీయగలదు. ఎంత అనుభవం గల వైద్యుడైనా స్కాన్ చూడకుండా ఈ తేడాను ఖాయంగా చెప్పలేడు. ఇక మనం ఇంట్లో ఉండి మందు ఎలా నిర్ణయించగలం?

పుర్రె లోపల జరిగేది

మన దేహం బరువులో మెదడు సుమారు 2 శాతం మాత్రమే. కాని మనం పీల్చే ప్రాణవాయువులో దాదాపు అయిదవ వంతు అదే వినియోగిస్తుంది. అల్లాహ్ దానిని గట్టి ఎముకల పెట్టెలో భద్రపరిచాడు. బయటి దెబ్బల నుండి కాపాడే ఆ పెట్టె సాగదు. లోపల రక్తం చేరితే దానికి వేరే చోటు ఉండదు గనుక మెదడునే నొక్కివేస్తుంది. చేతికి గాయమైతే వాపు బయటికి వస్తుంది. తలలో రక్తం చేరితే వాపు లోపలికే పోతుంది. రక్తస్రావం మొదటి కొన్ని గంటలలోనే పెరిగే అవకాశం ఎక్కువ. అందువలన ఆ గంటలు విలువైనవి.

ఈ రక్తస్రావం ముఖ్యంగా నాలుగు విధాలుగా వస్తుంది.

మొదటిది, అధిక రక్తపోటు వలన మెదడు లోపలి సన్నని నాళాలు చిట్లడం. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1945 ఏప్రిల్ 12న తన చిత్రపటం గీయించుకుంటూ తల వెనుక భాగంలో తీవ్రమైన నొప్పి అని చెప్పి, అంతలోనే స్పృహ తప్పి, కొద్ది గంటలలో మరణించారు. ఆ రోజు వైద్యుడు చూసిన బీపీ 300/190. ఆయన వయసు 63. ప్రపంచంలో అత్యంత శక్తిమంతుడైన పాలకునికి కూడా ఆ కాలంలో బీపీని అదుపు చేసే సరైన మందు లేదు. నేడు ఆ మందు మన వీధి చివరి దుకాణంలో కొద్ది రూపాయలకే దొరుకుతుంది. ఆ మాత్రను అల్మారాలో ఉంచి మరచిపోవడం ఎంతటి నిర్లక్ష్యమో ఆలోచించండి.

రెండవది, మెదడు రక్తనాళంలో బుడగలా ఉబ్బిన చోటు పగలడం. ఇది ఆరోగ్యంగా కనిపించే నలభై, యాభై ఏళ్ళ స్త్రీ పురుషులలో కూడా రావచ్చు. దీని గుర్తు పిడుగు పడినట్లు వచ్చే తలనొప్పి. క్షణాలలో తారస్థాయికి చేరుతుంది. “జీవితంలో ఇంతటి నొప్పి ఎన్నడూ ఎరుగను” అని రోగి అంటాడు. మెడ బిగుసుకుంటుంది, వెలుతురు చూడలేడు, వాంతులు అవుతాయి. చేతులు, కాళ్ళు బాగానే ఆడుతుంటాయి గనుక ఇది ఫాలిజ్ కాదని మనం పొరబడతాము.

మూడవది, తలకు దెబ్బ తగిలినపుడు పుర్రెకూ మెదడు పై పొరకూ మధ్య రక్తం చేరడం. ఇది మోసకారి రక్తస్రావం. దెబ్బ తగిలిన మనిషి లేచి నిలబడతాడు, నవ్వుతాడు, “నాకేమీ కాలేదు” అంటాడు. కొంతసేపటికి కుప్పకూలుతాడు. 2009 మార్చిలో నటి నటాషా రిచర్డ్‌సన్ కెనడాలో మంచుపై జారే ఆట నేర్చుకుంటూ పడిపోయారు. బాగానే ఉన్నానని లేచి నడిచారు, వచ్చిన అంబులెన్సు ఉత్త చేతులతో తిరిగిపోయింది. ఆ తరువాత తలనొప్పి మొదలైంది. రెండు రోజులకే, 45 ఏళ్ళ వయసులో ఆమె మరణించారు.

నాలుగవది, వృద్ధులలో నెమ్మదిగా చేరే రక్తం. దాదీ వుజూ చేసే చోట కాలు జారి పడుతుంది. తలకు చిన్న దెబ్బ. రక్తం రాదు, బొప్పి కూడా రెండు రోజులలో తగ్గుతుంది. మూడు వారాల తరువాత ఆమె మాటలు పొంతన లేకుండా పోతాయి, నడకలో తూలుతుంది, పగలంతా మగతగా ఉంటుంది. “వయసు మీద పడింది” అని ఇంటివారు సరిపెట్టుకుంటారు. వయసు ఒక్క నెలలో మీద పడదు. గుండె జబ్బుకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటి రక్తం పలుచబరిచే మందులు వాడే వృద్ధులలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. సకాలంలో స్కాన్ తీయిస్తే, చాలామందిలో పుర్రెకు చిన్న రంధ్రం చేసి ఆ రక్తాన్ని తీసివేయగలరు. వారిలో ఎందరో తిరిగి మామూలు మనుషులవుతారు.

హైటెక్ సిటీ దారులలో మన పిల్లలు

1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనాన్ని నాటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించారు. ఆనాడు పాతికేళ్ళ వయసులో అక్కడ ఉద్యోగంలో చేరినవారు నేడు యాభై దాటారు. అప్పటి కుర్రాళ్ళ నగరం ఇప్పుడు బీపీ, షుగర్ వ్యాధుల వయసులో అడుగుపెట్టింది. వారి వెనుక మరో తరం అదే దారిన నడుస్తోంది. టోలీచౌకి, మెహదీపట్నం, గోల్కొండ, పాతబస్తీల నుండి ప్రతిరోజూ మన యువకులు రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల వైపు సాగిపోతారు. కొందరు కంప్యూటర్ల ముందు పని చేస్తారు. ఎందరో క్యాబులు నడుపుతారు, భవనాలకు కాపలా కాస్తారు, మోటారు సైకిలుపై ఇంటింటికీ భోజనం చేరవేస్తారు.

ఈ జీవనంలో మూడు ప్రమాదాలు కలిసి ఉన్నాయి. రాత్రి ఉద్యోగం, నిద్రలేమి, ఉప్పు ఎక్కువైన బయటి తిండి, సిగరెట్టు, గుట్కా వంటివి ఒకటి. వీటి వలన పెరిగే బీపీ నొప్పి పెట్టదు, హెచ్చరించదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం బీపీ ఉన్న పెద్దలలో దాదాపు సగం మందికి తమకు ఆ వ్యాధి ఉన్నదనే తెలియదు. రెండవది, విశాలమైన రోడ్లపై మోటారు సైకిళ్ళ వేగం. మూడవది ఒంటరితనం. జిల్లాల నుండి వచ్చిన పిల్లలు కొండాపూర్, మాదాపూర్ హాస్టళ్ళలో పరిచయం లేనివారితో గది పంచుకుంటారు. ఒకడు తలనొప్పి అని దుప్పటి కప్పుకుంటాడు. పక్క మంచం మీది వాడు రాత్రి షిఫ్టుకు వెళ్ళిపోతాడు. తల్లి కరీంనగర్‌లోనో కర్నూలులోనో ఉంటుంది. ఆమెకు ఫోను చేసి చెప్పేవారు ఎవరు?

2021 సెప్టెంబరు 10 రాత్రి సినీ నటుడు సాయి ధరమ్ తేజ్ మాదాపూర్ దుర్గం చెరువు తీగల వంతెన సమీపంలో మోటారు సైకిలు జారి పడిపోయి స్పృహ కోల్పోయారు. దారిన పోయేవారు స్పందించి 108కు తెలిపారు. అంబులెన్సు ఆయనను సమీపంలోని ఆసుపత్రికి చేర్చింది, అక్కడి నుండి మరో పెద్ద ఆసుపత్రికి తరలించారు. మెదడుకు, వెన్నెముకకు పెద్ద గాయాలు లేవని, భుజం దగ్గరి ఎముక విరిగిందని వైద్యులు ప్రకటించారు. అయినా ఆయన ఒక నెలకు పైగా ఆసుపత్రిలో గడపవలసి వచ్చింది. ఆ రాత్రి ఆయన తలపై హెల్మెట్ ఉంది. తన ప్రాణం దక్కడానికి అదే కారణమని ఆయన తరువాత బహిరంగంగా చెప్పి, యువకులను హెల్మెట్ ధరించమని కోరారు.

ఈ సంఘటనలో రెండు విషయాలు గమనించాలి. హెల్మెట్ తలను కాపాడింది, అపరిచితుల సత్వర స్పందన సమయాన్ని కాపాడింది. మోటారు సైకిలు ప్రమాదంలో తలకు గాయమయ్యే ముప్పును హెల్మెట్ దాదాపు 69 శాతం, మరణపు ముప్పును 42 శాతం తగ్గిస్తుందని ప్రపంచవ్యాప్త అధ్యయనాలను క్రోడీకరించిన వైద్య నిపుణులు తేల్చారు. టోపీ పాడవుతుందని, జుట్టు చెదురుతుందని, “ఇక్కడికే కదా” అని దానిని బండికి తగిలించి తిరిగే కుమారుణ్ణి గడప దాటనివ్వవద్దు. వెనుక కూర్చున్న భార్యకూ, చెల్లెలికీ కూడా అది అవసరమే.

ఈ గుర్తులు కనిపిస్తే క్షణం ఆగరాదు

ముఖం: నవ్వమనండి. మూతి ఒక పక్కకు లాగుతున్నదా?

చేయి: రెండు చేతులూ ముందుకు చాపి ఉంచమనండి. ఒక చేయి కిందికి వాలుతున్నదా? ఒక పక్క కాలు తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నదా?

మాట: తెలిసిన ఒక వాక్యం చెప్పమనండి. మాట ముద్దగా వస్తున్నదా? మీరు చెప్పినది అర్థం కానట్లు చూస్తున్నాడా?

చూపు, నడక: ఒక్కసారిగా చూపు మసకబారడం, ఒకటి రెండుగా కనిపించడం, నిలబడలేక తూలడం.

తల: పిడుగులా వచ్చిన నొప్పి, దానితో వాంతి, మెడ బిగుసుకోవడం, మూర్ఛ, మగత.

దెబ్బ తగిలినవారిలో మరికొన్ని గుర్తులు చూడాలి. ఆగకుండా వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, అడిగినదే మళ్ళీ మళ్ళీ అడగడం, చెవి లేక ముక్కు నుండి రక్తం గాని నీటి వంటి ద్రవం గాని కారడం, ఒక కంటి పాప మరొకదాని కంటే పెద్దదిగా కనిపించడం, లేపినా సరిగా లేవకపోవడం. కొన్ని క్షణాలు స్పృహ తప్పి లేచినా, ఆ సంఘటన గుర్తు లేకపోయినా పరీక్ష చేయించవలసిందే.

గర్భిణులు, బాలింతల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. బీపీ పెరిగి తీవ్రమైన తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు వస్తే, ప్రసవమై కొన్ని వారాలు గడిచినా సరే, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఈ గుర్తులలో ఏదో ఒకటి కనిపించినా చాలు. అన్నీ కనిపించేవరకు ఎదురుచూడకండి. వచ్చిన గుర్తు పది నిమిషాలలో పోయినా ఆసుపత్రికి వెళ్ళడం మానవద్దు.

ఆ నిమిషాలలో ఏమి చేయాలి?

1. గడియారం చూడండి. గుర్తులు ఎప్పుడు మొదలయ్యాయో, రోగి చివరిసారి ఎప్పుడు బాగా ఉన్నాడో కాగితంపై రాయండి. వైద్యులు మొదట అడిగేది ఇదే.

2. 108కు ఫోను చేయండి. 2005 ఆగస్టు 15న మన హైదరాబాదులోనే మొదలైన ఈ సేవ తరువాత దేశంలోని అనేక రాష్ట్రాలకు విస్తరించింది. ఫాలిజ్ లక్షణాలు అని స్పష్టంగా చెప్పండి. చిరునామాతో పాటు దగ్గరి మసీదు, మెట్రో స్టేషను వంటి గుర్తు చెప్పండి. ఒకరిని వీధి మొదట నిలబెట్టండి. పెద్ద అపార్టుమెంట్లలో గేటు వద్ద కాపలావారికి ముందే చెప్పండి.

3. రోగి స్పృహలో ఉంటే తలను, భుజాలను కొద్దిగా ఎత్తుగా ఉంచి పడుకోబెట్టండి. స్పృహ లేక శ్వాస ఆడుతుంటే ఒక పక్కకు తిప్పి ఉంచండి. అప్పుడు వాంతి ఊపిరితిత్తులలోకి పోదు. బిగుతైన బట్టలు వదులు చేయండి. శ్వాస లేకపోతే 108 వారు ఫోనులో చెప్పినట్లు ఛాతీ మధ్య వేగంగా, బలంగా నొక్కుతూ ఉండండి.

4. ప్రమాదంలో దెబ్బ తగిలినవారిని అనవసరంగా కదల్చవద్దు. మెడ ఎముక విరిగి ఉండవచ్చు. నలుగురు చేతులు, కాళ్ళు పట్టి ఆటోలో ముడిచి కూర్చోబెట్టడం ప్రాణం మీదికి తెస్తుంది. నెత్తురు కారే గాయంపై శుభ్రమైన గుడ్డ అదిమి ఉంచండి. శ్వాసకు అడ్డు లేకపోతే హెల్మెట్ తీయడం తెలిసినవారికే వదలండి.

5. రోగి వాడే మందులన్నీ సంచిలో వేసుకోండి. రక్తం పలుచబరిచే మాత్ర వాడుతుంటే ఆ సంగతి వైద్యునికి మొదటి మాటగా చెప్పండి.

రోడ్డుపై పడినవారికి సహాయం చేస్తే పోలీసు కేసులో ఇరుక్కుంటామనే భయం ఇక అనవసరం. సహాయకులకు రక్షణ కల్పించే నియమాలను సుప్రీంకోర్టు 2016 మార్చి 30న అందరూ పాటించవలసినవిగా ప్రకటించింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో కూడా ఆ రక్షణ చేరింది.

ఏమి చేయరాదు?

నోటిలో ఏమీ పోయవద్దు. జమ్‌జమ్ నీరైనా, చక్కెర నీరైనా, మాత్రయినా సరే. మింగే శక్తి పోయినవాని గొంతులో పోసినది ఊపిరితిత్తులలోకి చేరుతుంది. గుండెపోటుకు ఇస్తారని విని ఆస్పిరిన్ ఇవ్వవద్దు. రక్తస్రావమైతే అది అగ్నికి ఆజ్యమే. బీపీ ఎక్కువ కనిపించిందని ఇంట్లో మాత్ర వేసి ఒక్కసారిగా దించవద్దు. అడ్డుపడిన గడ్డ వలన వచ్చిన ఫాలిజ్ అయితే మెదడుకు అందే ఆ కాస్త రక్తం కూడా తగ్గిపోతుంది. మూర్ఛ వస్తే నోటిలో చెంచా పెట్టవద్దు, చేతులు అదిమి పట్టవద్దు.

మరో రెండు విషయాలు ధార్మిక విద్యను బోధించేవానిగా స్పష్టంగా చెప్పవలసి ఉంది.

మొదటిది, మూతి వంకరపోగానే నజర్ తగిలిందని, జిన్నాతుల ప్రభావమని ఆమిల్ వద్దకు పరుగెత్తడం. ఖుర్ఆన్ పారాయణం చేయడాన్ని, దుఆ చేయడాన్ని ఎవరూ కాదనరు. అవి అంబులెన్సులో కూర్చుని కూడా చేయవచ్చు. తావీజు కోసం ఎవరి గడప ముందో వరుసలో గడిపే రెండు గంటలు మాత్రం తిరిగి రావు. వైద్యం చేయించడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. సాధనాలను ఉపయోగించి ఫలితాన్ని అల్లాహ్‌కు అప్పగించడమే తవక్కుల్.

రెండవది, ఇంట్లో మగవారు లేని వేళ స్త్రీకి ఈ ఆపద రావడం. భర్త రాత్రి షిఫ్టులోనో, దుబాయిలోనో ఉంటాడు. పరాయి మగవారు మోసుకువెళ్ళాలా, మగ వైద్యుడు చూడాలా అని సందేహిస్తూ భర్త వచ్చేవరకు ఆగే ఇళ్ళు ఉన్నాయి. అగత్యం నిషేధాన్ని సడలిస్తుందనేది ఫిఖహ్‌లో ప్రారంభ విద్యార్థికి కూడా తెలిసిన సూత్రం. ప్రాణాపాయాన్ని మించిన అగత్యం ఏముంది? ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడనవసరం లేదు. ముందు 108కు ఫోను చేయండి, ఆ తరువాతే భర్తకు. భర్తలు కూడా ఈ మాట తమ ఇల్లాలికి ముందుగానే స్వయంగా చెప్పి ఉంచాలి.

ఎక్కడికి తీసుకువెళ్ళాలి?

దగ్గరలో ఉన్న చిన్న క్లినిక్‌కు వెళ్ళి సెలైను ఎక్కించుకుంటూ కూర్చోవడం మనం చేసే మరో ఆలస్యం. ఇరవై నాలుగు గంటలూ సీటీ స్కాన్, మెదడు శస్త్రచికిత్స చేసే వైద్యులు ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్ళాలి. మన నగరంలో ప్రభుత్వ పరంగా నిమ్స్, గాంధీ, ఉస్మానియా ఆసుపత్రులలో ఈ విభాగాలు ఉన్నాయి. హైటెక్ సిటీ, గచ్చిబౌలి పరిసరాలలో పెద్ద ప్రైవేటు ఆసుపత్రులు అనేకం ఉన్నాయి. మీ ఇంటికి, మీ పిల్లల హాస్టలుకు దగ్గరి ఆసుపత్రి ఏదో, అక్కడ ఈ సౌకర్యం ఉన్నదో లేదో ఈ వారమే విచారించి పెట్టుకోండి. ఆపద వచ్చిన రాత్రి విచారించే వ్యవధి ఉండదు.

ఖర్చు భయంతో వెనుకాడేవారు కొన్ని విషయాలు తెలుసుకోవాలి. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని కుటుంబానికి 5 లక్షల నుండి 10 లక్షల రూపాయలకు పెంచింది. రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి ఏడు రోజులలో లక్షన్నర రూపాయల వరకు నగదు చెల్లించకుండా చికిత్స అందించే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2025 మేలో ప్రకటించింది. కంపెనీ ఉద్యోగులు తమ బీమా కార్డులో తల్లిదండ్రుల పేర్లు ఉన్నాయో లేదో చూసుకుని, దాని ఫోటోను ఇంట్లో మరొకరి ఫోనులో కూడా ఉంచాలి.

రాకముందే చేయవలసినది

షరీఅత్ పరిరక్షించదలచిన అయిదు విషయాలను మన ఉలమా ధర్మం, ప్రాణం, బుద్ధి, సంతానం, సంపద అని లెక్కించారు. మెదడులో రక్తస్రావం వీటిలో ప్రాణాన్నీ బుద్ధినీ ఒకేసారి దెబ్బతీస్తుంది. బ్రతికి బయటపడినవారిలో కొందరు మాట కోల్పోతారు, కొందరు జ్ఞాపకశక్తి కోల్పోతారు. శాంతంగా ఉండే తండ్రి చీటికి మాటికి కసురుకోవచ్చు. అది అతని గుణం కాదు, గాయం. అలాంటివారికి ఫిజియోథెరపీ, మాట నేర్పే చికిత్స నెలల తరబడి అవసరమవుతాయి. వాటికి మించి ఇంటివారి సహనం అవసరం.

నివారణ దీనికంటే ఎంతో సులభం. ముప్పై దాటిన ప్రతి ఒక్కరూ ఏడాదికి ఒక్కసారైనా బీపీ చూపించుకోవాలి. వేర్వేరు రోజులలో చూసినా 140/90 లేదా అంతకు పైన ఉంటే వైద్యుణ్ణి కలవాలి. బాగున్నదని మాత్ర మానరాదు. బాగున్నది ఆ మాత్ర వలననే. ఉప్పు రోజుకు ఒక చెంచాకు, అంటే 5 గ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మన ఊరగాయలు, పాపడ్, నిహారీ, బయటి బిర్యానీ అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. పొగాకును ఏ రూపంలోనైనా విడిచిపెట్టాలి.

రమజాన్ రాకముందే బీపీ, గుండె జబ్బు మందులు వాడేవారు వైద్యుణ్ణి కలిసి సహరీ, ఇఫ్తార్ వేళలకు మాత్రలు సర్దుబాటు చేయించుకోవాలి. ఉపవాసం వలన ప్రాణానికి హాని అని వైద్యుడు చెబితే షరీఅత్ ఇచ్చిన మినహాయింపును వినయంగా స్వీకరించాలి. మాత్ర మానేసి రోజా ఉండటం భక్తి అనిపించుకోదు.

మసీదు కమిటీల పెద్దలకు ఒక మనవి. జుమా నమాజు తరువాత అయిదు నిమిషాలు ఈ గుర్తులను ప్రజలకు వివరించండి. మసీదు ఆవరణలో ఒక బీపీ పరికరం ఉంచి, తెలిసిన యువకునికి ఆ బాధ్యత అప్పగించండి. హాస్టళ్ళలో ఉంటున్న పిల్లలకు తల్లిదండ్రులు రెండు మాటలు చెప్పాలి. తమ ఫోను తాళం తీయకుండానే ఇంటివారి నంబరు కనిపించేలా అత్యవసర సమాచారం నింపుకోవాలి. పక్క మంచం మీది మిత్రుడు తీవ్రమైన తలనొప్పితో పడుకుంటే, అతడు ఏ మతంవాడైనా సరే, ఒక్కడిగా వదిలి వెళ్ళరాదు. పేరు పెట్టి పిలిచి, మాట్లాడించి చూడాలి. సరిగా బదులు రాకపోతే 108కు ఫోను చేయాలి.

ఈ వ్యాసంలోని గుర్తులను, 108 సంఖ్యను, మీరు ఎంచుకున్న ఆసుపత్రి పేరును, ఇంట్లో పెద్దలు వాడే మందుల పేర్లను ఒక కాగితంపై రాసి వంటగది తలుపుకు అంటించండి. పదేళ్ళు దాటిన పిల్లల చేత దానిని చదివించండి. ఆపద వేళ ఇంట్లో మెలకువగా ఉన్నది ఆ పిల్లవాడే కావచ్చు. అల్లాహ్ మన కుటుంబాలను కాపాడుగాక! వ్యాధిగ్రస్తులందరికీ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.